అలాస్కా క్రూజ్‌లో టిప్ కట్టాక మళ్లీ చేతికి ఇవ్వాలా?

సియాటెల్ నుంచి అలాస్కాకు 7 రాత్రులు, అమ్మానాన్నలతో కలిపి నలుగురు, బిల్లులో గ్రాట్యుటీ (అంటే సిబ్బందికిచ్చే టిప్) కింద 504 డాలర్లు చూసి టెన్షన్ పడ్డానన్నారు మీరు. లెక్క సరైనదేనండీ. మనిషికి రోజుకు 18 డాలర్లు. అమెరికా నుంచి బయల్దేరే పెద్ద ఓడల్లో చాలావరకు ఇలాగే వేస్తారు. గది సర్దేవాళ్లకు, భోజనం వడ్డించేవాళ్లకు, మన కంటికి కనబడకుండా పనిచేసేవాళ్లకు అందులోంచే పంచుతారు. మళ్లీ ఇవ్వాలన్న రూలేమీ లేదు.

బార్ బిల్లు మాత్రం చూసుకోండి. 18-20 శాతం సాధారణంగా ముందే కలిపేస్తారు, అయినా కింద అదనపు టిప్‌కి ఒక ఖాళీ గడి ఉంటుంది. అక్కడ గీత గీసి సంతకం పెట్టండి.

కౌంటర్‌లో అడిగి గ్రాట్యుటీ తీసేయించుకోమని మీ ఫ్రెండ్ చెప్పారన్నారు. చాలా ఓడల్లో కుదురుతుంది, కానీ దయచేసి ఆ పని చేయకండి. ఓడ సిబ్బంది ఇల్లూ పిల్లల్నీ వదిలి నెలల తరబడి, వారానికి ఏడు రోజులూ పనిచేస్తారు. సంపాదనలో పెద్ద భాగం టిప్పులే.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులని గమనించి, మా గది చూసే కుర్రాడు అడక్కుండానే రోజూ కాళ్ల దగ్గర రెండు దిండ్లు ఎక్కువ పెట్టేవాడు. కవర్లో 20 డాలర్లు పెట్టి అమ్మ చేతే ఇప్పించాం. రెండు చేతులతో అందుకుని ఆవిడ కాళ్లకు దండం పెట్టాడు.

మీకూ అలా ఇవ్వాలనిపిస్తే 5, 10 డాలర్ల నోట్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. దిగే రోజు పొద్దున హడావిడిలో వాళ్లు దొరకరు, ముందురోజు సాయంత్రమే ఇచ్చేయండి.