రెండు టార్గెట్ల యాంటీబాడీ ఎందుకు, రెండు మందులు కలిపి ఇస్తే పోలా?

హనుమకొండలో ఎంఫార్మ్ చేస్తున్నానని, కణితికి రక్తనాళాలు పెరగకుండా వీఈజీఎఫ్, యాంజియోపొయెటిన్-2 అనే రెండు ప్రోటీన్లనూ ఒకేసారి పట్టుకునే యాంటీబాడీ మీద ప్రాజెక్టు అనుకుంటే గైడు పై ప్రశ్న వేశారని మీరు రాశారు. సార్ అడిగింది కరెక్టే. నేను కాకతీయలో చదివి జీనోమ్ వ్యాలీలో ఇదే పని చేసే టీమ్‌లో కొన్నేళ్లున్నాను, అక్కడి మీటింగుల్లో కూడా అందరూ దాటేసే ప్రశ్న ఇదే.

రెండో టార్గెట్ అవసరమెందుకన్నది తేలికే. బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందు 2004 నుంచీ ఉంది, వీఈజీఎఫ్‌ను బాగానే ఆపుతుంది, కానీ మన చెరువుకు తూము మూస్తే నీళ్లు అలుగు మీంచి పోయినట్టు కణితి కొన్నాళ్లకు వేరే దారి చూసుకుంటుంది. ఆ దారుల్లో యాంజియోపొయెటిన్-2 ఒకటి.

తయారీ దగ్గర మస్తు లొల్లి. యాంటీబాడీ అంటే హెవీ చైన్లనే పెద్ద ప్రోటీన్ గొలుసులు, లైట్ చైన్లనే చిన్న గొలుసులు కలిసింది. రెండు టార్గెట్ల కోసం రెండు రకాల హెవీ చైన్లు, రెండు రకాల లైట్ చైన్లు ఒకే కణంలో పెడితే ఎటుపడితే అటు జతకట్టి పది రకాల అణువులు వస్తాయి, మనకు కావాల్సింది ఒక్కటి. అందుకే ఒక హెవీ చైన్‌లో 366వ చోట థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం తీసి లావుపాటి ట్రిప్టోఫాన్ పెట్టి, రెండోదాంట్లో అది పట్టేంత గుంత చేస్తారు. లైట్ చైన్లు తప్పు జత కట్టకుండా క్రాస్‌మాబ్ అనే పద్ధతిలో ఒక చేతిలో హెవీ చైన్‌లోని సీహెచ్1 భాగాన్నీ, లైట్ చైన్‌లోని సీఎల్ భాగాన్నీ తారుమారు చేస్తారు. ఇంత చేసినా అణువులను విడదీసే కాలమ్ మీద నడిపితే గ్రాఫులో అసలు పీక్ పక్కనే ఇంకో చిన్న పీక్ కనిపించేది, గుంత ఉన్న చైన్లు రెండూ జతకట్టిన సరుకు. దాన్ని వదిలించడానికే మాకు నెలలు పట్టింది.

ఇంత కష్టపడి ఏం సాధించామన్నదే అసలు సంగతి. రోష్ వాళ్ల వానుసిజుమాబ్ సరిగ్గా మీరు చెప్పిన జంటనే పట్టుకుంటుంది, పేగు క్యాన్సర్ ట్రయల్‌లో బెవాసిజుమాబ్ కంటే మెరుగనిపించుకోలేదు. అదే జంట మీద అదే కంపెనీ చేసిన ఫారిసిమాబ్‌కు మాత్రం 2022లో అమెరికాలో కంటి జబ్బులకు అనుమతి వచ్చింది. కంట్లోకి ఒకసారి వెళ్లేది 0.05 మిల్లీలీటరే, రెండు సూదులు గుచ్చుతామంటే ఎవరొప్పుకుంటారు? అక్కడ రెండూ ఒకే అణువులో ఉండటానికి కారణముంది. సెలైన్‌లో ఎక్కించే మందుకు ఆ ఇబ్బంది లేదు కదా.

క్యాన్సర్‌లో నాకు నమ్మకం కలిగించింది ఐవోనెస్సిమాబ్. అది ఒక వైపు రోగనిరోధక కణాలకు బ్రేకులా పనిచేసే పీడీ-1ను, ఇంకో వైపు వీఈజీఎఫ్‌ను పట్టుకుంటుంది. వీఈజీఎఫ్ జంటగా ఉండే ప్రోటీన్ కాబట్టి ఈ యాంటీబాడీలను ఒకదానితో ఒకటి కలిపేస్తుంది, దాంతో పీడీ-1 మీద పట్టు ఇంకా పెరుగుతుంది. విడివిడి మందులతో ఇది జరగదు. మీ సార్‌కు ఇలాంటి జవాబు చూపించాలి.

మీ స్థాయిలో కొత్త అణువు జోలికి పోకుండా బజార్లో దొరికే రెండు యాంటీబాడీలనే విడిగా ఒకసారి, కలిపి ఒకసారి హ్యూవెక్ కణాల (బొడ్డుతాడు రక్తనాళం నుంచి తీసినవి) మీద వేసి చూడండి. ఆ కణాల కింద పరిచే జెల్, అదే మాట్రిజెల్, మాత్రం గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన రకమే కొనండి, మామూలుదైతే మీ మందు ఉన్నా లేకున్నా కణాలు కొన్ని గంటల్లోనే రక్తనాళాల్లాంటి గొట్టాలు కట్టేస్తాయి, ఏ తేడా కనిపించదు. రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, పిపెట్ టిప్పులు కూడా చల్లబరిచి, ఐసు మీదే పోయాలి. ఎండాకాలంలో ఏసీ లేని ల్యాబ్‌లో అయితే టిప్పులోనే గడ్డకడుతుంది.