మేడమీద చల్లగా ఉందన్నావు కదా

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. కింద హాల్లో గోడ అడుగున వేడినీళ్ళ గొట్టాలుండే బేస్‌బోర్డులు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి, మేడమీద పిల్ల పడుకునే గదిలోవి మాత్రం చల్లగా ఉన్నాయన్నావు. బాయిలర్ పోయింది, మార్చాలంటే వేల డాలర్లని అప్పుడే టెన్షన్ పడిపోతున్నావు. అరే, హాల్లో వేడి వస్తోందంటే బాయిలర్ బంగారంలా ఉన్నట్టే. వేడి పుడుతోంది, పైకి చేరట్లేదు, అంతే. మన కాలవ చివరి పొలాలకు నీళ్ళు అందకపోతే సోమశిల డ్యామ్ పాడైందంటామా? గట్టు వెంబడి నడిచిపోయి నీళ్ళు ఎక్కడ ఆగాయో చూస్తాం. తూము మూసుందా, గుర్రపుడెక్క అడ్డం పడిందా అని. నువ్వూ అదే చెయ్యాలి, కాకపోతే చేత్తో.

నేను 30 ఏళ్ళు ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్ నడిపినవాణ్ణే గానీ, అది ఆవిరిది. మీది వేడినీళ్ళది, దాని తీరు వేరు. మసాచుసెట్స్‌లో మీ అక్కా వాళ్ళింట్లో రెండు చలికాలాలు ఉన్నప్పుడు, వచ్చిన ప్లంబర్ వెనకాలే తిరిగి ఇదంతా నేర్చుకున్నాను. ఆయనకు తెలుగు రాదు, నా ఇంగ్లీషు ఆయనకు అర్థం కాదు. అయినా వాల్వు దగ్గర నిలబడితే మాటలతో పెద్దగా పని పడలేదు.

ముందు మేడమీద గది వేడి ఎంతుండాలో పెట్టే థర్మోస్టాట్‌లో బ్యాటరీలు మార్చి, గదిలో ఉన్నదానికంటే 5 డిగ్రీలు ఎక్కువ పెట్టు. నవ్వకు, మీ అక్కా వాళ్ళింట్లో ఒకసారి అదే జబ్బు. తర్వాత బేస్‌బోర్డు రేకు మూత తీసి లోపలి రాగి గొట్టాన్ని ముట్టుకో. అంటించి తీసెయ్యి, పట్టుకోకు. ఆ నీళ్ళు 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోతాయి. గొట్టం వేడిగా ఉండి గది చల్లగా ఉంటే తప్పు గాలిది. అల్యూమినియం రెక్కల నిండా దుమ్ము పట్టి ఉంటుంది, లేదా మంచం దానికి ఆనించి ఉంటారు, లేదా కొత్త కార్పెట్ కింది సందుని మూసేసి ఉంటుంది. కింద నుంచి చల్లగాలి లోపలికి పోతేనే పైనుంచి వేడిగాలి వస్తుంది. గొట్టమే చల్లగా ఉంటే ఇక బేస్‌మెంట్‌లోకి దిగు.

మీకు రెండు థర్మోస్టాట్లు ఉన్నాయంటే అక్కడ మేడకొకటి, కిందకొకటి లైన్లు విడిపోయి ఉంటాయి. ఒక్కోదానికి చిన్న డబ్బాలాంటి జోన్ వాల్వ్ ఉంటుంది. మన భాషలో తూము, కరెంటుతో తెరుచుకునే తూము. పైన థర్మోస్టాట్ పెంచి ఐదు నిమిషాలు ఆగి, మేడ లైను వాల్వుకు రెండు వైపులా ముట్టుకో. ఇటు కాలుతూ అటు చల్లగా ఉంటే అది తెరుచుకోలేదు. చాలా రకాలకు పక్కన చిన్న లివర్ ఉంటుంది. దాన్ని జరిపి గాడిలో పెడితే వాల్వు చేత్తో తెరుచుకున్నట్టే. అప్పుడు పైకి వేడి ఎక్కిందా, వాల్వు మోటారు పోయిందన్నమాట. ప్లంబర్ వచ్చేదాకా అలాగే వదిలెయ్. కింద హీటింగ్ నడిచినప్పుడల్లా పైకీ పోతుంది, పిల్లకు ఇబ్బంది ఉండదు.

వాల్వులు కాకుండా లైనుకో నీళ్ళు తిప్పే సర్క్యులేటర్ పంపు ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. అలా ఉంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన పంపు ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకో. తిరుగుతుంటే సన్నగా ఒకటే గూఁ అని వినిపిస్తుంది. ఇరుక్కుపోతే మూలిగినట్టు ఉంటుంది. ఏమీ వినపడకపోతే కరెంటే రావడం లేదు.

ఇక అసలు సంగతి. నువ్వు వీడియోలో చూపించినప్పుడు బాయిలర్ ఒత్తిడి గేజి ముల్లు 5 దగ్గర ఉన్నట్టు అనిపించింది. నాకు అనుమానమంతా దానిమీదే. గేజి మీది అంకె పీఎస్ఐల్లో ఒత్తిడి. ఒక పీఎస్ఐ ఒత్తిడి నీళ్ళని 2.31 అడుగుల ఎత్తు నిలబెడుతుంది. అంటే 5 ఉంటే పదకొండున్నర అడుగులు. బేస్‌మెంట్‌లోంచి నీ మేడ గది గొట్టం దాకా 18, 20 అడుగులైనా ఉంటుంది. నీళ్ళు చాలక పైన గాలి చేరి కూర్చుంటుంది. మన బోరు మోటారుకు గాలి పడితే మోటారు తిరుగుతుంది, నీళ్ళు రావు చూడు, అచ్చం అదే. గొట్టాల్లో గుడగుడమని చప్పుడు వస్తోందని కోడలుపిల్ల అన్నది కూడా అందుకే. రెండంతస్తుల ఇంటికి బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు 12 నుంచి 15 ఉండాలి.

నీళ్ళు ఎక్కించాలి, కానీ వెంటనే కాదు. మిల్లులో చేరిన కొత్తలో ఒక రాత్రి గేజి గ్లాసులో నీళ్ళు కనపడక, గబగబా ఫీడ్ పంపు స్విచ్ మీద చెయ్యి వేశాను. పెద్ద ఫైర్‌మన్ నా మణికట్టు మీద ఊక పార తిరగేసి కొట్టాడు. నిప్పు లాగేసి, చల్లారేదాకా పొద్దున వరకూ ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది. మీ పోత ఇనుము బాయిలర్‌కూ అదే నియమం. బేస్‌మెంట్ మెట్ల దగ్గర ఎర్ర స్విచ్ ఉంటుంది, అది ఆపేసి రెండు మూడు గంటలు ఆగు. ముట్టుకుంటే గోరువెచ్చగా అయ్యాక, చన్నీళ్ళ గొట్టం మీదుండే ఫిల్ వాల్వ్ లివర్‌ని కాస్త ఎత్తి, ముల్లు 15 దగ్గరికి రాగానే దించెయ్. 30 దాటితే, ఎక్కువైన ఒత్తిడిని వదిలే రిలీఫ్ వాల్వ్ నీళ్ళు చిమ్ముతుంది, అక్కడిదాకా పోనీయకు.

తర్వాత పైకి వెళ్ళి బేస్‌బోర్డు చివర గాలి వదిలే చిన్న స్క్రూ, బ్లీడర్ అంటారు, ఉందేమో చూడు. కింద గిన్నె పెట్టి అర చుట్టు తిప్పు. ముందు బుస్సుమని గాలి, తర్వాత చీదుతూ నల్లటి నీళ్ళు, ఆ తర్వాత సన్నటి ధార. ధార నిలకడగా రాగానే బిగించు. మళ్ళీ దిగి ముల్లు చూసుకో, తగ్గి ఉంటుంది. బ్లీడర్ లేకపోతే బాయిలర్ దగ్గరే డ్రెయిన్‌కు ట్యూబు తగిలించి బకెట్లోకి బుడగలు ఆగేదాకా లైను కడగాలి. అది మాత్రం మొదటిసారి ప్లంబర్ చేస్తుంటే చూసి నేర్చుకో.

అసలు నీళ్ళు ఎటు పోయాయో కూడా కనిపెట్టాలి. రిలీఫ్ వాల్వ్ గొట్టం కింద తడి ఉందా? ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకు, అంటే వేడికి ఉబ్బిన నీళ్ళకు చోటిచ్చే ట్యాంకుకు, కారు టైరుకున్నట్టే వాల్వు ఉంటుంది. దాన్ని నొక్కితే గాలికి బదులు నీళ్ళొస్తే ట్యాంకు పోయినట్టే. రెండు వారాలకోసారి నీళ్ళు ఎక్కిస్తూ పోతే కుదరదు, కొత్త నీళ్ళతో వచ్చే ఆక్సిజన్ లోపలి ఇనుముని తినేస్తుంది.

బయట చలి గడ్డకట్టేంత ఉంటే ఇంకో భయం ఉంది. బయటి గోడలో గొట్టం గడ్డకట్టినా ఇలాగే చల్లబడుతుంది. అప్పుడు మంట పెట్టకు, హెయిర్ డ్రయ్యర్ చాలు. ఈలోగా మెయిన్ నీళ్ళు ఎక్కడ కట్టెయ్యాలో తెలుసుకుని ఉండు. గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఈ ఉత్తరం పక్కన పడేసి పిల్లనెత్తుకుని ఇంట్లోంచి బయటికి రండి.

ఈ రాత్రికి పిల్లని హాల్లోనే పడుకోబెట్టండి. రేపు గేజి ఫొటో ఒకటి, బ్లీడర్ ఫొటో ఒకటి పెట్టు. నిన్న ముల్లు మీద సగం నీ బొటనవేలే పడింది, 5 అన్నది నేను ఊహించిందే.

ఇట్లు,
మీ పెదనాన్న, కావలి