తేనెటీగల లెక్క కూడు పెడుతుందా?

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం, జీడితోట ఉంది. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. పొద్దున్నే పెరట్లో గుమ్మడిపాదు దగ్గర కూర్చుని, ఏ పురుగు ఎన్నిసార్లు వాలిందో రాసుకుంటుంది. ఫొటోలు తీసి ఐనేచురలిస్ట్‌లో (మొక్కలు, పురుగుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే వెబ్‌సైటు) పెడుతుంది. వాలంటీరుగా సైన్సుకి సాయం చేస్తున్నానంటుంది. ఎంసెట్ దగ్గరపడుతోంది, నాకు టెన్షన్. దీనివల్ల ఉద్యోగం వస్తుందా సార్?

జవాబు: రాదండి. జీతం లేని పని ఇది. ఆన్‌లైన్లో వచ్చే సర్టిఫికెట్ చూసి సీటిచ్చే కాలేజీ నాకింతవరకు కనపడలేదు. అయినా మాన్పించకండి.

మీ తోటే చూడండి. జీడిపూత గుత్తిలో ఎక్కువ మగపువ్వులే, కాయ కట్టేవి కొన్నే. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి పెద్దగా ఎగరదు. తేనెటీగలో ఈగలో మోయాల్సిందే. అమ్మాయి లెక్కపెడుతున్నది ఒకరకంగా మీ ఇంటి ఆదాయాన్నే.

బ్రిటన్‌లో ఇదే పని ఒక పద్ధతిగా చేయిస్తారు. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పున్న పూలమడి, 10 నిమిషాలు, వాలిన పురుగులన్నీ లెక్క. అంతే. మీ అమ్మాయి ఐనేచురలిస్ట్‌లో పెట్టే ఫొటోలకి కూడా, పురుగు పేరు మరొకరు సరిచూసి ఒప్పుకుంటే, శాస్త్రవేత్తలు వాడుకునే అంతర్జాతీయ డేటాలోకి వెళ్ళే దారి ఉంది.

ఓసారి ఆ నోటుబుక్కు తీసి చూడండి. ఏమీ వాలని రోజున ‘సున్నా’ అని రాసిందా, పేజీ ఖాళీగా వదిలేసిందా? టైము, ఎండా మబ్బూ రాసిందా? గుమ్మడిపువ్వు తెల్లవారగానే విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, కాబట్టి 11 గంటలకి రాసిన సున్నాకి, 6 గంటలకి రాసిన సున్నాకి అర్థం వేరు. సున్నా రాసే పిల్లయితే నాకు నమ్మకం కుదురుతుంది. చాలామంది పిల్లలు రంగురంగుల సీతాకోకచిలుక దొరికిన రోజే రాస్తారు.

ఇక దారులు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్, మనకింకా పాతపేరే నోట్లో ఉంది) ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్ చదవొచ్చు. మన శ్రీకాకుళం జిల్లా నైరలోనే వ్యవసాయ కళాశాల ఉంది. రైతు కోటా ఉంటుంది కాబట్టి పొలం కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. తర్వాత పీజీలో కీటకశాస్త్రం తీసుకోవచ్చు. నేనైతే మీకు ఈ దారే చెబుతాను. జువాలజీ డిగ్రీ చేసి ఆనక వ్యవసాయ కీటకశాస్త్రంలోకి మారదామంటే దారి బాగా ఇరుకు. వన్యప్రాణి పరిశోధనే కావాలంటే మాత్రం డిగ్రీ తర్వాత డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ఉన్నాయి. సీట్లు బహు తక్కువ. అక్కడ ఇంటర్వ్యూలో మూడు నాలుగేళ్ళుగా తప్పకుండా రాసిన నోటుబుక్కు ఆమె తరఫున మాట్లాడుతుంది.

ప్రస్తుతానికి ఫోన్లో అలారం పెట్టి రోజూ 10 నిమిషాలు కూర్చోమనండి. మోగగానే చదువుకి లేవాలి. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుతుంది, రాత్రి రెక్కలపురుగుల్ని కూడా చూస్తానంటుందేమో. అది పరీక్ష అయ్యాక.