టెక్ సందేహాలు: గిటార్ గుయ్‌మంటే తప్పు పికప్‌దేనా?

ప్రశ్న: ఏడాది కిందట స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. తీగ ఊపును కరెంటుగా మార్చే పికప్‌లు మూడూ సింగిల్ కాయిల్‌వే (ఒకే చుట్టవి). యాంప్ ఆన్ చేస్తే చాలు, గుయ్‌మని ఒకటే మోత. తీగల మీద చెయ్యి పెడితే కాస్త తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు. పగలు ఫర్వాలేదు గానీ సాయంత్రమైతే భరించలేకపోతున్నాను. రిపేరు షాపులో చూపిస్తే పికప్‌లు పోయాయి, హమ్‌బకర్లు (మోత రద్దయ్యేలా రెండు కాయిళ్లు పెట్టిన పికప్‌లు) వేయించుకోమన్నారు. 6 వేలకు పైనే అవుతుందట. వేయించమంటారా?
– కాకినాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

ఇప్పుడే వద్దు. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుందన్నారు చూడండి, అదీ అసలు సంగతి. గిటార్ తీగలన్నీ బ్రిడ్జి (కింది కొసన అవి ఆనే లోహపు ముక్క) మీదుగా, వెనక స్ప్రింగులు తగిలించిన ఇనప పట్టీ మీదుగా ఒక వైరుతో గ్రౌండుకు కలిసి ఉంటాయి. గదిలో తిరిగే కరెంటు రొదను మన ఒళ్లు పెద్ద ఏరియల్‌లా పట్టి పక్కనే ఉన్న గిటార్‌కు అందిస్తుంది. చెయ్యి తీగకు తగలగానే అదంతా గ్రౌండుకు దిగిపోతుంది. అంటే మీ గిటార్‌లో గ్రౌండు వైరు బాగానే పనిచేస్తోంది. తాకితే మోత పెరిగితే అప్పుడు అనుమానించాలి, కేబుల్ గుచ్చే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారై ఉండొచ్చు. తీగలు తాకితే ఏ తేడా లేకుండా, జాక్ లోహాన్ని తాకితే మాత్రం తగ్గుతుంటే బ్రిడ్జికి వెళ్లే వైరు ఊడిందన్నమాట.

ఇక పికప్‌లు పోయాయన్న మాట. పికప్‌లో పోవడానికి ఉన్నదేమిటి? అయస్కాంతపు కడ్డీల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ. మందం 0.06 మిల్లీమీటర్లు, చుట్లు సుమారు 8 వేలు. ఆ తీగ ఎక్కడైనా తెగితే గిటార్ గొంతు పీలగా అయిపోతుంది, లేదా అసలు పలకదు. బాగా పలుకుతూనే మోత పెడుతోందంటే తీగ తెగలేదు. నమ్మకం కుదరకపోతే కొలిచి చూడండి. మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్స్‌లో పెట్టి, గిటార్‌కు కేబుల్ గుచ్చి, వాల్యూమ్ 10లో ఉంచి, కేబుల్ రెండో కొస మొనకు మీటర్ వైరు ముల్లు ఒకటి, దాని పక్క లోహానికి ఇంకో ముల్లు ఆనించండి. ఒక్కో పికప్‌కు 5.5 నుంచి 7 కిలో ఓమ్స్ మధ్య చూపిస్తే నిక్షేపంగా ఉన్నట్టే. మీటర్ అంకె చూపకుండా ఎడమ పక్క 1 దగ్గర ఆగిపోతే చుట్టు తెగింది. సున్నా చూపిస్తే ఎక్కడో రెండు వైర్లు తగులుకున్నాయి. రెండు నిమిషాల పని. మీ షాపులో ఈ పని చేశారో లేదో అడగండి.

మరి మోత ఎక్కడిది? పికప్ అనేది కాయిల్. దానికి తన ఎదుట ఊగుతున్నది ఉక్కు తీగా, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రమా అన్న తేడా తెలియదు. ఏది ఊగినా కరెంటుగా మార్చి యాంప్‌కు పంపేస్తుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ మోతలో 50, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ గట్టిగా వినిపిస్తాయి. ఒక చిన్న తమాషా చెప్తాను. ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కి మీటండి. ఆ జీ స్వరం 98 హెర్ట్జ్. మీ యాంప్ మోత దానికి దాదాపు అదే శ్రుతిలో, ఒక్క పిసరు పైన పలుకుతుంటే అది గోడలోని కరెంటే. రెండూ కలిసి మోగితే సెకనుకు రెండుసార్లు ఊయల ఊగినట్టు వినిపిస్తుంది కూడా. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి మనవాళ్ల గిటార్లకు ఈ లెక్క కుదరదు.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ ముట్టకుండా చేయాల్సిన పరీక్ష. గిటార్ వాల్యూమ్ నాబ్ పూర్తిగా సున్నాకు తిప్పండి. మోత ఆగిపోతే అది గిటార్ లోపలి నుంచి వస్తోంది. ఆగకపోతే పికప్‌లకు సంబంధమే లేదు, వాటిని మార్చినా 6 వేలు గంగలో కలిపినట్టే. అప్పుడు కేబుల్‌ను యాంప్ వైపు నుంచి పీకండి. గిటార్ వైపు పీకి యాంప్‌లో అలాగే ఉంచితే ఎంత మంచి కేబులైనా మోత పెడుతుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు. యాంప్‌లో ఏమీ గుచ్చకపోయినా మోత వస్తుంటే యాంప్‌దో, కరెంటుదో తప్పు. పీకగానే ఆగితే కేబుల్ మార్చి చూడండి. నా అనుభవంలో గిటార్‌తో పాటు ఉచితంగా ఇచ్చే కేబుళ్లు ఆరు నెలలు బతికితే గొప్ప.

మోత గిటార్‌లోంచే అని తేలితే కుర్చీలో కూర్చుని, గిటార్ పట్టుకుని, నెమ్మదిగా చుట్టూ తిరగండి. ఏదో ఒక దిక్కున మోత దాదాపు మాయమవుతుంది. పికప్ పట్టేది అయస్కాంత క్షేత్రమని దానికి మించిన రుజువు లేదు. యాంప్‌కు అడుగు దూరంలో కూర్చుని వాయించే అలవాటుంటే ముందు అది మానండి, యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మరే సగం దోషి.

సాయంత్రమే ఎక్కువన్నారు కదా. సాయంత్రం మీ గదిలో కొత్తగా ఏం వెలుగుతాయో, ఏం తిరుగుతాయో చూడండి. ఇక్కడ నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేనూ మీలాగే విసిగి కొత్త పికప్‌లు తెప్పించాను. ఒక ఆదివారమంతా కూర్చుని పాతవి విప్పి, కొత్తవాటికి టంకం పెట్టి, రాత్రి పదిన్నరకు యాంప్ ఆన్ చేస్తే అదే మోత, అదే శ్రుతి. ఇక పడుకుందామని లేచి అలవాటుగా ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పాను. మోత గొంతు మారింది. మళ్లీ తిప్పాను, మళ్లీ మారింది. నాబ్ సగంలో ఉంటే జుయ్‌మని గీకుడు, చివరిదాకా తిప్పితే దాదాపు నిశ్శబ్దం. సాఫీగా తిరిగే ఆ రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలను సెకనుకు 100 సార్లు కోసి ఫ్యాన్‌కు పంపుతుంది. ఆ కోత చప్పుడే గిటార్‌లో వినిపించేది. టిక్ టిక్‌మని అయిదు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ వేయించాక ఆ గదిలో గొడవ లేదు. పాత పికప్‌లు ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి, వాటికేమీ కాలేదు.

కాబట్టి ఒక్కొక్కటే ఆపి వినండి. రెగ్యులేటర్, చవక ఎల్ఈడీ బల్బులు, ట్యూబులు, ఫోను చార్జర్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మోత రెట్టింపయితే ఆశ్చర్యపోకండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యానే మూలుగుతుంది, గిటార్ ఊరుకుంటుందా? సైన్ వేవ్ అయితే ఈ బాధ చాలా తక్కువ.

మీ గిటార్‌కు అయిదు స్థానాల స్విచ్ ఉంటుంది. రెండు, నాలుగు స్థానాల్లో పెట్టి వినండి. నడిమి పికప్‌ను ఉల్టా చుట్టి, అయస్కాంతాన్ని ఉల్టా పెట్టి ఉంటే ఆ రెండు స్థానాల్లో ఒకదాని మోతను ఇంకోటి కొట్టేస్తుంది. అక్కడ మోత తగ్గితే షాపువాళ్ల మాట పక్కన పెట్టేయొచ్చు. హమ్‌బకర్ కూడా చేసేది ఇదే. గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఇంజినీరు 1955లో దీనికి పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు, 1959లో వచ్చింది. రెండు కాయిళ్లు పక్కపక్కన ఉంటాయి, బయటి మోత రెండింట్లో ఎదురెదురుగా పుట్టి రద్దయిపోతుంది, తీగ నాదం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. తెలివైన పనే. కానీ దానితో పాటు గొంతు మారిపోతుంది. స్ట్రాటోకాస్టర్‌లోని ఆ గాజు గలగల హమ్‌బకర్‌లో రాదు. అది నచ్చే ఈ గిటార్ కొనుక్కుని ఉంటే హమ్‌బకర్ ఆఖరి మార్గం. ఒకదాని కింద ఒకటిగా రెండు కాయిళ్లు పేర్చిన నాయిస్‌లెస్ పికప్‌లు దొరుకుతాయి. చెక్క చెక్కనక్కర్లేదు, పాత చోటే సరిపోతాయి. ధర మాత్రం తక్కువ కాదు.

ఇవన్నీ చూశాక కూడా మోత గిటార్‌దే అయితే అప్పుడు పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన ముందు పలక) విప్పండి. ముందు తీగలు వదులు చేసుకోండి. యాంప్ సన్నగా పెట్టి, అగరబత్తి వెలిగించాక మిగిలే వెదురు పుల్లతో ఒక్కో వైరును మెల్లగా కదపండి. ఏ వైరు దగ్గర గరగరమంటే అక్కడే అతుకు సడలింది. మంచి టంకం నున్నగా మెరుస్తుంది, చెడ్డది బూడిద రంగులో పలుకుపలుకుగా ఉంటుంది. నాబ్ వెనక గ్రౌండు వైర్లు కలిసే చోట ఎక్కువగా ఈ లోపం కనిపిస్తుంది, ఎందుకంటే ఆ లోహపు డబ్బా వేడిని లాగేసుకుంటుంది. చిన్న ఐరన్‌తో తొందరపడి పెట్టిన టంకం పట్టదు.

అంతా బాగుంటే లోపలి గుంతకు రాగి టేపు అంటించడం నాకు నచ్చిన వైద్యం. జిగురు కూడా కరెంటు పారే రకం కొనండి. ముక్కలన్నీ ఒకదానికొకటి తగలాలి, ఒక వైరుతో గ్రౌండుకు చేరాలి. జాక్‌లో సిగ్నల్ మోసే వైరు టేపుకు తగిలితే గిటార్ మూగబోతుంది, అక్కడ చిన్న ఇన్సులేషన్ టేపు వేయండి. వంటింటి అల్యూమినియం కాగితం వాడమని చెప్పేవాళ్లున్నారు. దానికి మామూలు టంకం పట్టదు, నేనైతే వాడను. ఒకటి గుర్తుంచుకోండి: ఈ రాగి తొడుగు జుయ్‌మనే గీకుడును బాగా తగ్గిస్తుంది, లోతుగా గుయ్‌మనే ట్రాన్స్‌ఫార్మర్ మోతను దాదాపు ఏమీ చేయదు. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం పలచటి రాగిని లెక్కచేయదు. టేపు వేశాక కూడా కొంత మిగిలిందని నిరుత్సాహపడితే నన్ను తిట్టుకోవద్దు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె) తగిలించి గిటార్ రికార్డు చేస్తున్నాను. చార్జర్ గుచ్చితే సన్నగా కీచుమని రొద, పీకితే శుభ్రం. పైగా చార్జర్ ఉన్నప్పుడు గిటార్ బ్రిడ్జి మీద వేలు ఆనితే జిమ్మంటోంది. ఇంటర్‌ఫేస్ చెడిపోయిందా?
– హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

ఇంటర్‌ఫేస్ బాగానే ఉండి ఉంటుంది. ఆ రొద, ఆ జిమ్మనడం రెండూ చార్జర్ పనే. చార్జర్ లోపలి చిన్న కెపాసిటర్ల గుండా కాస్త కరెంటు బయటికి కారుతుంది. మూడు పిన్నుల చార్జర్‌కు గోడలో నిజమైన ఎర్త్ ఉంటే అది అటు వెళ్లిపోతుంది. ఎర్త్ లేకపోతే, లేదా రెండు పిన్నుల చార్జరైతే ల్యాప్‌టాప్ లోహంలోకి, అక్కడి నుంచి యూఎస్‌బీ తీగ మీదుగా మీ బ్రిడ్జిలోకి వస్తుంది. మన ఇళ్లలో మూడో రంధ్రం ఉండటం, దాని వెనక వైరు ఉండటం రెండూ వేరువేరు విషయాలు. ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. అది సరయ్యేదాకా రికార్డింగ్ బ్యాటరీ మీద కానివ్వండి. చురుక్కుమన్నా, జిమ్మన్నా భరిస్తూ వాయించొద్దు.

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయిస్తుంది. ఇంట్లో బాగానే ఉంటుంది. ఉత్సవాల్లో స్టేజీ ఎక్కితే మాత్రం మోత భరించలేం. సౌండ్ అబ్బాయి ఒకసారి ప్లగ్గు మూడో పిన్ను పీకేస్తే పోతుందన్నాడు. నిజంగానే తగ్గింది. అలా చేయొచ్చా?
– పశ్చిమ గోదావరి నుంచి ఒక తండ్రి

ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను కర్ణాటక సంగీత కచేరీ వేదికకు ఎక్కించిన యు. శ్రీనివాస్ గారు పుట్టిన పాలకొల్లు మీ జిల్లాదే, అక్కడి నుంచే ఈ ప్రశ్న రావడం సంతోషం. జవాబు మాత్రం కటువుగా చెప్పాలి: ఆ పిన్ను ఎప్పుడూ పీకించొద్దు. మోత తగ్గిన మాట నిజమే, దానితో పాటు ప్రాణానికి ఉన్న అడ్డూ పోయింది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్త్ సరిగా లేని వేదికపై మైకు పట్టుకుని కరెంటు షాక్‌తో చనిపోయాడు. తీగలు ఒక చేత్తో, మైకు ఇంకో చేత్తో పట్టుకునే వాళ్లకు ఇది ఎప్పుడైనా జరగొచ్చు.

స్టేజీ మీద మోతకు మామూలు కారణం గ్రౌండ్ లూప్. యాంప్ ఒక బోర్డు మీద, మిక్సర్ దూరంగా ఇంకో బోర్డు మీద ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య చిన్న వోల్టేజీ తేడా ఉంటుంది, అది ఆడియో తీగలోంచి పారుతుంది. వీలైనంతవరకు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోమనండి. మాండొలిన్‌కూ మిక్సర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చి పంపే చిన్న పెట్టె) పెట్టించండి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ తెంచేది ఆడియో తీగ గ్రౌండును, కరెంటు ఎర్త్‌ను కాదు. కాబట్టి నిర్భయంగా వాడొచ్చు. జనరేటర్ మీద నడిచే కార్యక్రమమైతే జనరేటర్‌కు ఎర్త్ కడ్డీ పాతారా అని అమ్మాయి స్టేజీ ఎక్కకముందే అడగండి. మెరిసే సీరియల్ సెట్ల కంట్రోలర్ ఉన్న వైపు కాకుండా రెండో వైపు కూర్చోబెట్టండి, మోత తగ్గేలా కూర్చునే దిక్కు కాస్త మార్చి చూడండి. శ్రుతి చూసుకునేటప్పుడే ఓసారి లైట్లన్నీ వేయించి వింటే ఎక్కడ కూర్చోవాలో తెలిసిపోతుంది.