గేటు నుంచి గుమ్మం దాకా ఏ మొక్కలు వేయాలంటే

చి.ల.సౌ. మాధవికి,

పెద్దమ్మ దీవెనలు. గోరంట్ల ఇంటి ఫొటోలు చూశాను. గేటు నుంచి మెట్ల దాకా వేయించిన దారి చక్కగా కుదిరింది. దానికి రెండు పక్కలా పొట్టి మొక్కలు వేయాలనీ, ఏటేటా పీకి మళ్ళీ నాటే పని ఉండకూడదనీ అడిగావు. మంచి ఆలోచనే. కాకపోతే ఇప్పుడే నర్సరీకి బయల్దేరకు.

ముందు ఒక మాట గట్టిగా చెప్తాను. నర్సరీలో ఉన్న పూత చూసి మొక్క కొనకు. రోహిణి కార్తెలో నీ వాకిట్లో అది ఎలా ఉంటుందో ఆలోచించి కొను. సంక్రాంతి రోజుల్లో పెటూనియాలు, సాల్వియాలు కళకళలాడుతుంటాయి, చేయి ఊరుకోదు. ఉగాది దాటేసరికి వాటి ఎండుపుల్లలే మిగులుతాయి. పైగా మీది పడమటి వాకిలి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ, దానికి తోడు బండల సెగ. ఆ సెగ ఆకుల్ని కింది నుంచి మాడుస్తుంది.

ఇక మట్టి. అక్కడ నల్లరేగడి. వేసవిలో నెర్రెలిస్తుంది, వానల్లో నీళ్ళు పట్టుకుని వదలదు. ఎండని తట్టుకున్న మొక్క కూడా ఆశ్వయుజం ముసురుకి వేరు కుళ్ళి పోతుంది. అందుకని దారి పక్కన అడుగున్నర వెడల్పున, అడుగు లోతు తవ్వించు. కొత్త ఇల్లు కదా, మేస్త్రీలు వదిలేసిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు అక్కడే పూడ్చేసి ఉంటారు. ఒక్కటి మిగలకుండా ఏరించు. రెండు తట్టల మట్టికి తట్ట ఇసుక, తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపించు. పచ్చి పేడ మాత్రం వద్దు, చెదలు పడతాయి. ఇటుక అంచు కట్టించి మడిని ఆరంగుళాలు ఎత్తు చేయించు. నీరు దారి మీదికి రాకుండా అవతలి వైపుకి వాలు పెట్టమను.

మొక్కల్లో నా మొదటి ఓటు పొట్టి రుయేలియాకి. అడుగు మించి పెరగదు, సన్నటి ఆకులు గుబురుగా వస్తాయి, ఊదా రంగు పూలు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి రాలిపోతాయి, మర్నాడు మళ్ళీ కొత్తవి. చిన్నప్పుడు మీరు తడిపి టప్పున పేల్చే కాయలుండేవే, ఆ జాతే ఇది. నర్సరీలో పొడుగు రకం కూడా ఉంటుంది, అది నడుం ఎత్తు పెరిగి పొలమంతా పాకుతుంది. పొట్టిది కావాలని రెండుసార్లు అడిగి తీసుకో. అడుగుకొక మొక్క చాలు. ఇటుక అంచుకి ఆనించి నాటకు, సగం అడుగు లోపలికి జరుపు. గుబురు కట్టాక దారి మీదికి రాదు, మీ అత్తగారికి రాత్రిపూట కాలు పెట్టే చోటు స్పష్టంగా కనిపిస్తుంది.

రుయేలియాల ముందు వరసలో రెయిన్ లిల్లీ గడ్డలు పెట్టు. రెండంగుళాల లోతు, బెత్తెడు ఎడం. మంచి వాన పడిన నాలుగైదు రోజులకి గులాబీ, తెలుపు పూలు ఒక్కసారిగా లేస్తాయి. పూలు లేనప్పుడు మాత్రం అచ్చం గడ్డిలా ఉంటుంది, కలుపు తీసే మనిషికి ముందే చూపించి పెట్టు, లేకపోతే శుభ్రంగా పీకేస్తుంది. గడ్డలు తింటే విషం, బుజ్జిగాడిని కనిపెట్టి ఉండు.

బిళ్ళగన్నేరు కూడా పెట్టుకోవచ్చు. రోజూ పూజకి పూలుంటాయి, గొడ్లు ముట్టవు. ఎత్తు మడిలో అయితేనే సుమా, నీళ్ళు నిలిస్తే కాడ నల్లబడి వాలిపోతుంది. ఏటా తొలకరికి సగానికి కత్తిరిస్తే మళ్ళీ కుదురుగా వస్తుంది.

మెట్ల దగ్గర పోర్టికో నీడ పడే చోట ఇవేవీ సరిగా పూయవు. అక్కడ మోండో గడ్డి గానీ స్పైడర్ ప్లాంట్ గానీ వేయి.

నూరు వరహాలు నీకిష్టమని తెలుసు. పొట్టి రకం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దానికి కాస్త పులుపు నేల కావాలి, మన నల్లరేగడిలో, ఉప్పు బోరు నీళ్ళకి ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లితే తేరుకుంటుంది, కొన్నాళ్ళకి మళ్ళీ మొదలు. అంత ఇష్టమైతే గేటు పక్కన పెద్ద కుండీలో ఎర్రమట్టి పోసి పెంచుకో, వరసంతా వద్దు.

పసుపు పూల వెడీలియా అసలు తేకు. కణుపు కణుపుకీ వేరేసి మిగతావన్నీ మింగేస్తుంది. గోల్డెన్ డ్యురాంటా ఎప్పుడూ కత్తెర పట్టుకుని ఉండేవాళ్ళకి. ముళ్ళ యుఫోర్బియా పిల్లలు వట్టి కాళ్ళతో తిరిగే దారి పక్కన పనికిరాదు. రకాలు రెండు మూడు మించనీయకు. పది రకాలు తెస్తే నర్సరీ వరసలా ఉంటుంది తప్ప అంచులా ఉండదు. గేటు దగ్గర ముగ్గుకి నాలుగడుగులు ఖాళీ వదిలెయ్యి, కళ్ళాపి నీళ్ళు మడిలోకి రోజూ పోకుండా ఉంటాయి.

మడి పని ఈ నెలలోనే కానివ్వు, మట్టి సర్దుకుంటుంది. మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక, సాయంత్రం పూట నాటు. కవరు కోసినప్పుడు వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటే చేత్తో మెల్లిగా విడదీసి పెట్టు. మొదటి నెల రోజూ తడి తగలాలి, ఆ తర్వాత వేలు పెట్టి చూసి రెండంగుళాలు ఆరితేనే నీళ్ళు పోయి.

రెయిన్ లిల్లీ గడ్డలు కొనకు. మా బ్రాడీపేట ఇంట్లో కుదుళ్ళు ఒత్తుగా కమ్ముకున్నాయి, వానలు మొదలవగానే విడదీసి సంచిలో పంపిస్తాను. దారి ఎన్ని అడుగుల పొడుగో కొలిచి రాయి.

పెద్దమ్మ