ఆ 15,000 డాలర్లు ఊరికే రావు

న్యూజెర్సీలో మొదటి ఇల్లు కొనేవాళ్ళకి డౌన్‌పేమెంటు కోసం రాష్ట్రం 15,000 డాలర్ల దాకా ఇస్తుందట, తీసుకోవచ్చా అని అడిగారు. తీసుకోండి. కాకపోతే "ఇస్తుంది" అనకండి, అప్పు పెడుతుంది. అమెరికా వచ్చిన కొత్తలో మా తరంవాళ్ళం బోల్తాపడింది సరిగ్గా ఇక్కడే. ఏ కౌంటీకి ఎంత, జీతం ఎంతలోపు ఉండాలి అన్నవి ఈ సాయమిచ్చే రాష్ట్ర హౌసింగ్ ఏజెన్సీ వెబ్‌సైటులో ఉంటాయి. చదువుకున్నవాళ్ళు, చూసుకోగలరు. డబ్బు ఎక్కడ కారిపోతుందో నేను చెబుతాను.

ఆ సొమ్ముకి మీ ఇంటిమీద రెండో లీన్ పడుతుంది, అంటే బ్యాంకు తర్వాత ఏజెన్సీకీ ఆ ఇంటిమీద తాకట్టు హక్కుంటుంది. వడ్డీ ఉండదు, నెలనెలా కట్టేదీ ఉండదు, కాబట్టి అదొకటి ఉందన్న సంగతే మరిచిపోతారు. న్యూజెర్సీలో అయిదేళ్ళు ఆ ఇంట్లోనే కాపురముంటే మాఫీ. నార్త్ కరొలైనాలో మాఫీ 11వ ఏడాది చివర మొదలై, ఏడాదికి 20 శాతం చొప్పున 15వ ఏటికి పూర్తవుతుంది. పదో ఏట అమ్మినా మొత్తం వెనక్కి కట్టాల్సిందే. కాలిఫోర్నియా వాళ్ళ సాయం పథకం డ్రీమ్ ఫర్ ఆల్‌లో అసలుతో పాటు పెరిగిన ఇంటి విలువలోనూ వాటా ఇవ్వాలి. అయినా 2023లో 11 రోజుల్లోనే నిధులు అయిపోయాయి, ఆ తర్వాత లాటరీ పెట్టారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఈ సాయంతో ముడిపడ్డ లోన్లకి వడ్డీ బయటికంటే కాస్త ఎక్కువుండడం మామూలే. 3 లక్షల డాలర్ల 30 ఏళ్ళ లోను 6.5 శాతానికైతే నెలకి 1,896, 7 శాతానికైతే 1,996. నెలకి వంద తేడా, అయిదేళ్ళకి 6,000. అంటే 15,000లో చేతికి నిజంగా మిగిలేది 9,000. నాలుగేళ్ళు నిండగానే ఉద్యోగం డల్లాస్‌కి మారి ఇల్లు అమ్మేశారనుకోండి, 15,000 తిరిగిచ్చేస్తారు, ఎక్కువ కట్టిన 4,800 గంగలో కలిసినట్టే. రేట్లు తగ్గాయని పాత లోను తీర్చి కొత్తది తీసుకుందామని రీఫైనాన్సుకి పరిగెత్తినా అదే గతి. రెండో లీన్ తీర్చమంటారు, లేదా కొత్త బ్యాంకు వెనక వరసలో నిలబడడానికి ఏజెన్సీ ఒప్పుకోవాలి. దాన్నే సబార్డినేషన్ అంటారు, అన్నిచోట్లా ఇవ్వరు. అందుకని సంతకానికి ముందే లెండర్ని (లోనిచ్చే సంస్థని) ఈమెయిల్లో అడగండి: సాయం తీసుకోకపోతే నా రేటెంత, మాఫీ ఏ తేదీకి, మధ్యలో రీఫైనాన్స్ చేస్తే ఏమవుతుంది? ఫోన్లో చెప్పినమాట నమ్మొద్దు.

లెండర్ ఏజెన్సీ జాబితాలో ఉన్నవాడే కావాలి. బిల్డరు తన లెండర్ దగ్గరికి వస్తే ఇల్లు మీ పేర రాసేనాటి క్లోజింగ్ ఖర్చులు భరిస్తానంటాడు, ఆ లెండర్ జాబితాలో ఉండకపోవచ్చు. ఇద్దరు లెండర్లూ ఇచ్చే లోన్ ఎస్టిమేట్లు (ఖర్చుల అంచనాలు) పక్కపక్కన పెట్టి చూసుకోండి.

హెచ్-1బి వాళ్ళకి 2025 మే 25 నుంచి ప్రభుత్వ బీమాతో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు లేవు. ఆ బీమా లేని కన్వెన్షనల్ లోనుతో జతపడే సాయమే వెతుక్కోవాలి.

నాన్నగారు ఇండియా నుంచి పంపే డబ్బుకి గిఫ్ట్ లెటరు (తిరిగివ్వక్కర్లేని కానుకేనన్న ఉత్తరం), ఆయన బ్యాంకు స్టేట్‌మెంటు, వైర్ రసీదు మూడూ దాచండి. ముగ్గురు స్నేహితుల ఖాతాల్లోంచి ముక్కలుగా వేయించుకునే తెలివితేటలు మనవాళ్ళకి ఎక్కువ. లోను అర్జీని పరిశీలించే అండర్‌రైటర్ రెండు నెలల స్టేట్‌మెంట్లు తిరగేస్తాడు, ఒక్కో పెద్ద డిపాజిట్‌కీ ఒక్కో సంజాయిషీ రాసుకుంటూ కూర్చోవాలి. ఏడాదిలో ఆ కానుక లక్ష డాలర్లు దాటితే పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి ఫారం 3520 కూడా పంపాలి. పన్ను పడదు గానీ, పంపకపోతే జరిమానా మాత్రం గట్టిగానే ఉంటుంది.

వెయ్యి డాలర్లకే ఇల్లంటూ వాట్సాప్‌లో తిరిగేది డెట్రాయిట్‌లో పాడుబడ్డ ఇళ్ళని అమ్మే ప్రభుత్వ సంస్థ, ల్యాండ్ బ్యాంకు, వేసే వేలం. అబద్ధం కాదు, పాట వెయ్యి నుంచే మొదలవుతుంది. వాళ్ళ ఉద్దేశం మీకు చవగ్గా ఇల్లివ్వడం కాదు, వీధిలో పాడుబడ్డ కొంపంటూ లేకుండా చేయడం. 2008లో కాంగ్రెస్ 3.92 బిలియన్ డాలర్లు రాష్ట్రాలకీ నగరాలకీ పంచిందీ అందుకే: జప్తయిన ఇళ్ళు ఖాళీగా పడుంటే పక్కిళ్ళ ధరలు కూడా పడిపోతాయి. వేలంలో పాడుకున్న ఇంటిని ఆరు నెలల్లో నివాసయోగ్యం చేయాలి. రాగి పైపులు ఎవరో ఊడబెరుక్కుపోయి, కప్పు కారుతుంటే ఆ ఇంటికి మామూలు లోను దొరకదు, అంతా చేతి డబ్బే. వారాంతాల్లో యూట్యూబ్ చూసి చేసే పని కాదది.

చివరగా ప్రాపర్టీ ట్యాక్సు. టెక్సస్ లాంటి చోట కొత్తగా కట్టిన ఇల్లయితే మొదటి బిల్లు ఖాళీ స్థలంమీదే రావచ్చు. ఉదాహరణకి 2,400 వచ్చిందనుకుందాం. ఏడాది తిరిగాక ఇంటితో కలిపి 9,600 అవుతుంది. తేడా 7,200, అంటే నెలకి 600 పెరుగుతుంది. ఎస్క్రోలో (పన్ను కట్టడానికి లెండర్ మీ నెల వాయిదాలోంచి తీసిపెట్టే ఖాతాలో) తగ్గిన పాత 7,200 కూడా 12 నెలల్లో లాగితే ఇంకో 600. ఒక్కసారిగా నెలకి 1,200 డాలర్లు! రాష్ట్రమిచ్చిన సాయంవల్ల మిగిలిన సొమ్ముతో సోఫాలు కొనకుండా, ఆ రెండో బిల్లు వచ్చేదాకా సేవింగ్స్ ఖాతాలో కదపకుండా ఉంచండి.