ఇంజిన్ కంట్రోల్ రూమ్‌లో ఏసీ, మంచి కుర్చీ ఉన్నాక ఇంకేం కష్టం?

"ఏసీ గదిలో కూర్చుని తెరలు చూడటమే కదా, ఓడ ఇంజినీర్లకు అంత అలసట ఎందుకు?" అని అడిగారు. కుర్చీకి చక్రాలు ఉండకూడదు, నేలకు బిగించి ఉండాలి, కన్సోల్ (తెరలు, బటన్లు ఉండే బల్ల) అంచున పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. కుర్చీ సంగతి అంతే. మనిషిని తినేసేది అలారం.

2019 మార్చి 23న నార్వే తీరంలో, హుస్తాద్‌వికా దగ్గర, తుఫానులో చిక్కుకున్న వైకింగ్ స్కై అనే విహార నౌక సంగతే తీసుకోండి. ఓడలో 1,370 మందికి పైగా ఉన్నారు. ఇంజిన్ల అడుగున ఉండే సంప్ ట్యాంకుల్లో ల్యూబ్ ఆయిల్ (కందెన నూనె) ఉండాల్సినంత లేదు. పొద్దున 5 నుంచి 9 దాటేలోపు ఆయిల్ తగ్గిందంటూ 18 సార్లు అలారం వచ్చింది, వచ్చిన ప్రతిసారీ కొన్ని సెకన్లలోనే పోయింది. ఓడ ఊగినప్పుడు నూనె ఒక పక్కకు ఒరుగుతుంది, సెన్సర్ అరుస్తుంది. ఓడ నిలబడగానే ఊరుకుంటుంది. మధ్యాహ్నం 1:58కి ఇంజిన్లు ఆగిపోయి ఓడంతా బ్లాకౌట్, కరెంటు పోయింది. మొదటి 10 సెకన్లలోనే సుమారు 1,000 అలారాలు! ఓడను ముందుకు నెట్టే రెండు ప్రొపల్షన్ మోటార్లూ మళ్లీ తిరగడానికి 39 నిమిషాలు పట్టింది.

వెయ్యి వరసలు చదివి నిర్ణయం తీసుకోవడం ఏ మనిషి వల్లా కాదు. ఓడకంతా కరెంటు పంచే బస్‌బార్‌లో కరెంటే లేనప్పుడు ప్రతి పంపుకూ ప్రెషర్ తక్కువని విడిగా చెప్పడం ఎందుకు? ఆ అలారాలను ఆపేసి, మొట్టమొదట పడిపోయింది ఏదో ఒక్క వరసలో పైన చూపాలి. లెవల్ అలారాలకు కొన్ని సెకన్ల ఆలస్యం పెడతారు, అది అవసరమే. కానీ అది ఒక్కటే పెడితే నిజంగా తగ్గుతున్న నూనె కూడా దాని చాటున దాక్కుంటుంది. గంటలో మూడుసార్లు వచ్చిపోయిన అలారాన్ని వేరే రంగులో, వేరే పట్టీలో నిలబెట్టాలి. ట్యాంకు లెవల్ గంటగంటకూ ఎలా మారిందో గీత కూడా పక్కనే కనబడాలి.

శబ్దం గురించీ చెప్పాలి. 2014 జూలై నుంచి అమల్లోకి వచ్చిన ఐఎంఓ (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) నియమం ప్రకారం కొత్త ఓడల కంట్రోల్ రూమ్‌లో 75 డెసిబెల్స్ దాటకూడదు, ఇంజిన్ రూమ్‌లో 110 వరకు ఒప్పుకుంటారు. మే నెలలో విశాఖ రేవులో ఏసీ మొరాయిస్తే తలుపుకు చెక్క అడ్డం పెట్టి తెరిచేస్తారు. అంతే, ఆ 75 కాగితం మీదే మిగులుతుంది, ఓడను నడిపే బ్రిడ్జి నుంచి ఫోన్లో వచ్చే మాట వినబడదు. ఒకే ఏసీ యూనిట్‌తో గది కట్టేవాళ్ల మీద నాకు కోపం. రెండోది స్టాండ్‌బైగా పెట్టడానికి ఏం అడ్డం?

ఇంకొకటి, కన్సోల్ ఎటు చూస్తోందన్నది. ఇంజినీరు ఓడ వెనక వైపుకు తిరిగి కూర్చుంటే పోర్ట్ పంపు, అంటే ఓడ ముందు వైపుకు చూస్తే ఎడమ పక్కన ఉండేది, అతనికి కుడిచేతి వైపు ఉంటుంది. డ్రాయింగ్‌లో ఉన్నట్టే బటన్లు ఎడమ నుంచి 1, 2 అని బిగిస్తే, కంగారులో తప్పు పంపు ఆగుతుంది. పాత ఓడలో కన్సోల్‌ను తిప్పలేరు. బటన్ల చుట్టూ పోర్ట్‌కు ఎర్ర టేపు, స్టార్‌బోర్డ్‌కు (ఓడ కుడి పక్కకు) ఆకుపచ్చ టేపు అంటించండి, కింద పంపు దగ్గర కూడా అదే రంగు వేయండి. ఒక పూట పని.